అన్నా వదినల ఆసుపత్రిలో మూడో డాక్టర్

ప్రశ్న: నేను పిల్లల డాక్టర్‌ని. నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య హైవే మీద ఉన్న ఒక పట్నంలో తొమ్మిదేళ్లుగా ఒక నర్సింగ్ హోంలో భాగస్వామిని. మిగతా ఇద్దరూ భార్యాభర్తలు. ఆయన ఫిజీషియన్, ఆమె గైనకాలజిస్ట్. మా ఊరివారే, నాకంటే పన్నెండేళ్లు పెద్ద కావడంతో మొదటి నుంచీ అన్న, వదిన అనే పిలుస్తాను. భవనం వదిన గారి తల్లి పేరు మీద ఉంది, నెలనెలా అద్దె ఇస్తాం. స్కాన్ మిషన్ అప్పు మీద ముగ్గురం సంతకం చేశాం. ఖర్చులు పోను మిగిలింది మూడు సమాన వాటాలు. ఇప్పుడు ఎముకల పీజీ పూర్తి చేయబోతున్న తమ అల్లుడిని నాలుగో భాగస్వామిగా తీసుకుంటామంటున్నారు. రోజుకు అరవై, డెబ్బై ఓపీ చూసేది నేను, నెలలో ఇరవై రాత్రులు ఫోన్ తీసేది నేను. రోగులను పంపినందుకు పల్లెల్లోని ఆర్‌ఎంపీలకు ఇచ్చే డబ్బు కూడా ఉమ్మడి ఖర్చులోనే రాస్తున్నారు. మా మధ్య మాటలు తగ్గిపోయాయి. రెండు నెలల కిందట రాత్రి రెండు గంటలకు వదిన కాన్పు చేశారు. బిడ్డ వెంటనే ఏడవలేదు. నేను అదే వీధిలో ఉన్నా కోపంతో నాకు ఫోన్ చేయకుండా అంబులెన్స్‌లో నెల్లూరు పంపారు. బిడ్డ ఇప్పుడు బాగుంది, టీకాలకు నా దగ్గరికే తెస్తున్నారు. ఆడిటర్ గారు రాసిన రెండు పేజీల కాగితం మీద అప్పట్లో సంతకం చేశాను గాని నకలు నా దగ్గర లేదు. బయటికి వచ్చి సొంత క్లినిక్ పెట్టుకోమని నా భార్య అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు:

డాక్టర్ గారికి,

వాటాల గురించి, అల్లుడి గురించి, రాత్రుల గురించి రాసినంత వివరంగా మీరు ఆ బిడ్డ గురించి రాయలేదు. నేను మాత్రం అక్కడి నుంచే మొదలుపెడతాను. మీరు ఆ ఆసుపత్రిలో ఉన్నా, వదిలి వెళ్లినా, ఈ వారంలోనే తేలవలసిన విషయం అదొక్కటే. మిగిలినవి ఆరు నెలలు ఆగినా కొంప మునగదు.

నేను ముప్పై రెండేళ్లు మత్తు డాక్టర్‌గా పనిచేశాను. నాకంటూ సొంత ఆసుపత్రి లేదు. నెల్లూరు పొగతోటలోని నర్సింగ్ హోములకు, కావలికి, ఆత్మకూరుకు, ఒక్కోసారి ఒంగోలు దాకా, ఎవరు పిలిస్తే వారి థియేటరుకు వెళ్లి మత్తు ఇచ్చి వచ్చేదాన్ని. కాబట్టి కలిసి ఆసుపత్రి పెట్టుకున్న డాక్టర్లను రిబ్బన్ కత్తిరించిన రోజు నుంచి బోర్డు మీద ఒక పేరుకు సున్నం కొట్టిన రోజు దాకా దగ్గర నుంచి చూశాను. ఒక చోట సర్జన్‌కూ గైనకాలజిస్ట్‌కూ మాటలు లేవు. ఒకే రోగి పొట్ట మీద ఇద్దరి చేతులూ ఉన్నాయి, రక్తం ఆగడం లేదు. "సిస్టర్, క్లాంప్ కొంచెం కిందికి పెట్టమని సార్‌తో చెప్పు" అని ఆమె అంటే, "నాకేమీ కనబడటం లేదని మేడమ్‌తో చెప్పు" అని ఆయన అంటున్నాడు. అడుగు దూరంలో ఉన్న ఇద్దరి మధ్య మాటలు మోస్తూ, ఇరవై ఏళ్లు కూడా నిండని ఆ నర్సు పిల్ల చేతిలోని గాజ్ గుడ్డతో సహా వణికిపోయింది. నేను రోగి తలవైపు కూర్చుని, పై బీపీ డెబ్బైకి దిగడం చూస్తున్నాను. ఆ రోగి బతికింది. ఆ రోజు నేను వారిద్దరితో గట్టిగా మాట్లాడవలసింది. మళ్లీ పిలవరేమోనన్న భయంతో మాట్లాడలేదు. అప్పుడు అనలేకపోయిన మాటలు మీకైనా చెప్పాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

పుట్టిన బిడ్డ ఏడవకపోతే చేతిలో ఎంత సమయం ఉంటుందో మీకు తెలుసు, పాఠకుల కోసం చెబుతున్నాను. ఒళ్లు తుడిచి, వెచ్చగా ఉంచి, తల సరిగా పెట్టినా ఊపిరి తీసుకోకపోతే, బ్యాగు, మాస్కుతో గాలి అందించడం మొదటి నిమిషంలోనే మొదలు కావాలి. దాన్ని మన వృత్తిలో గోల్డెన్ మినిట్ అంటాం. అదే నిమిషంలో తల్లికి రక్తస్రావం ఎలా ఉందో, మాయ పడిందో లేదో చూడవలసిన గైనకాలజిస్ట్ బిడ్డను కూడా తానే చూసుకోవడం కుదిరే పని కాదు. అందుకు ఇంకో మనిషి కావాలి. ఆ పని తెలిసిన మనిషి మీ ఆసుపత్రిలోనే భాగస్వామి, ఉండేది కూడా అదే వీధిలో. అయినా ఆ బిడ్డ ఊపిరి కోసం తంటాలు పడుతూ హైవే మీద గంట ప్రయాణం చేసింది.

మీ వదిన గారు కోపంతోనే ఫోన్ చేయలేదని మీరు రాశారు. కావచ్చు. అయితే నెలలో ఇరవై రాత్రులు ఫోన్ తీసేది నేనేనని అదే ఉత్తరంలో రాశారు. ఆ మాట సిబ్బంది ఎదుట, అన్న గారి ఎదుట ఎన్నిసార్లు అని ఉంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. లేపితే విసుక్కుంటారేమోనని వెనకాడి, తామే ఏదో ఒకటి చేసి సరిపెట్టుకున్న డాక్టర్లను నేను చూశాను. అర్ధరాత్రి నన్ను లేపడానికి జంకినవారూ ఉన్నారు, అది నా గొంతులోని విసుగు వల్లేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె తప్పు లేదని నేను అనడం లేదు. ఆ రాత్రి ఏం జరిగిందో ఆమెను అడగకుండానే మీరు రెండు నెలలుగా మనసులో తీర్పు చెప్పుకుని ఉన్నారని మాత్రం అంటున్నాను.

ముగ్గురూ కూర్చుని ముందుగా ఒప్పుకోవలసింది ఇది. సుఖప్రసవమైనా, సిజేరియన్ అయినా, కాన్పు గదిలో బిడ్డ కోసమే ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి బ్యాగు, మాస్కు వాడటం వచ్చి ఉండాలి. బిడ్డకు ఇబ్బందిగా ఉందనిపిస్తే ఎవరి అనుమతీ అడక్కుండా మీకు ఫోన్ చేసే అధికారం డ్యూటీ నర్సుకు ఉండాలి. డాక్టర్ల మధ్య మాటలు ఉన్నాయా లేవా అన్నది ఆమె ఆలోచించవలసిన విషయం కాకూడదు. మీరు ఊళ్లో లేని రాత్రి ఎవరిని పిలవాలో ఆ పేరు, ఆ నంబరు కూడా రాసి, ముగ్గురూ సంతకం చేసి, ఆ కాగితాన్ని లేబర్ రూములో గోడకు అంటించండి.

దీనితో పాటు ఒక పుస్తకం కూడా పెట్టండి. పొగతోటలో నలుగురు డాక్టర్లు కలిసి నడిపిన ఒక నర్సింగ్ హోంలో నర్సుల బల్ల మీద నీలం అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉండేది. సాయంత్రం ఇంటికి వెళ్లే ప్రతి డాక్టరూ తన మంచాల మీది రోగుల గురించి, రాత్రి డ్యూటీలో ఉండే డాక్టరు కోసం అందులో రెండు మూడు వాక్యాలు రాసేవాడు. "5వ మంచం, డెంగీ, మూడో రోజు జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు 42 వేలు, మూత్రం బాగానే వస్తోంది, రాత్రి 10కి బీపీ చూడండి, పైది 90 కంటే తగ్గినా, కడుపు నొప్పి అన్నా నన్ను లేపండి." ఈ తరహాలో ఉండేవి ఆ రాతలు. "నన్ను లేపండి" అన్న మాట అందులో పేజీకి ఒకటి రెండు చోట్ల కనబడేది. ఆ నలుగురికీ డబ్బు దగ్గర తగాదాలు రాకపోలేదు, ఒకసారి ఏడాది పాటు ఇద్దరు పలకరించుకోలేదు కూడా. కాని ఆ ఏడాది కూడా పుస్తకంలో రాత ఆగలేదు. కలిసి ప్రాక్టీసు చేయడమంటే ఒక డాక్టరు తన రోగిని ఇంకో డాక్టరు చేతిలో పెట్టి నిశ్చింతగా నిద్రపోగలగడమని నేను అక్కడే నేర్చుకున్నాను. మీ ముగ్గురూ తొమ్మిదేళ్లలో ఆదాయాన్ని పంచుకున్నారు గాని రోగులను పంచుకోలేదని మీ ఉత్తరం చదివాక నాకు అనిపించింది.

ఇక కాగితం సంగతి. అన్నా, వదినా అని పిలిచే చోట నకలు అడిగితే అనుమానించినట్టు ఉంటుందని మీరు ఊరుకుని ఉంటారు. మన వైపు ఈ మొహమాటంతోనే భాగస్వామ్యాలు మొదలై, అదే మొహమాటంతో చెడుతున్నాయి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ లెక్కల పుస్తకాలు చూడటానికి, నకళ్లు రాసుకోవడానికి ప్రతి భాగస్వామికీ హక్కుంది, కాబట్టి దీనికి ఎవరి దయా అక్కరలేదు. ఆడిటర్ గారి దగ్గర ఆ పత్రం దొరకకపోతే కరెంట్ ఖాతా తెరిచిన బ్యాంకులో నకలు ఉంటుంది. సంస్థ రిజిస్టర్ అయిందో లేదో కూడా తెలుసుకోండి. రిజిస్టర్ చేయకపోయినా భాగస్వామ్యం చెల్లుతుంది గాని, ఒప్పందం ప్రకారం మీకు రావలసిన దాని కోసం సంస్థ మీదగాని, తోటి భాగస్వాముల మీదగాని దావా వేయడానికి అప్పుడు వీలుండదు; సంస్థను రద్దు చేయించి లెక్కలు తేల్చమని అడగడానికి మాత్రమే వీలుంటుంది.

ఆ రెండు పేజీల్లో లేని విషయాలను చట్టమే పూరిస్తుంది. వాటా ఎంతో రాసుకోకపోతే లాభనష్టాలు సమానం. రోజువారీ విషయాల్లో తేడా వస్తే ఎక్కువమంది మాటే చెల్లుతుంది. ముగ్గురిలో ఇద్దరు భార్యాభర్తలైన చోట ఈ సూత్రం వల్ల ప్రతిసారీ ఓడేది మీరే. వారు చెడ్డవారని కాదు, రాత్రి భోజనాల దగ్గరే వారి నిర్ణయం అయిపోతుంది. అందుకే కొత్త పత్రంలో అప్పులు, యంత్రాలు, అద్దె పెంపు, సిబ్బంది జీతాలు వంటి వాటికి ముగ్గురి సంతకం కావాలని రాయించుకోండి. భవనం అద్దె ఒప్పందం కూడా కొన్నేళ్లకు కలిపి రాతపూర్వకంగా ఉండాలి. ఉమ్మడి డబ్బుతో అత్త గారి భవనంలో థియేటరు, లిఫ్టు కట్టించి, వెళ్లేటప్పుడు ఒక్క రూపాయి కూడా వెనక్కి రాని అల్లుళ్లనే నేను చూశాను, బయటి భాగస్వామి సంగతి చెప్పేదేముంది.

ఆర్‌ఎంపీలకు ఇచ్చే డబ్బు విషయంలో మీరు వాటా ఎక్కువ పడుతోందని బాధపడుతున్నట్టు రాశారు. నా బాధ వేరు. రోగిని పంపినందుకు గాని, పరీక్షకు పంపినందుకు గాని కమిషన్ ఇవ్వడాన్నీ, తీసుకోవడాన్నీ భారత వైద్య మండలి 2002 నాటి ప్రవర్తన నియమాలు నిషేధించాయి. 2023 ఆగస్టులో వచ్చిన కొత్త నియమాలను అదే నెలలో నిలిపివేయడంతో ఆ పాత నియమాలే తిరిగి అమలులోకి వచ్చాయి. నియమం తప్పితే చర్య పడేది సంస్థ పేరు మీద కాదు, వైద్య మండలిలో ఉన్న మీ రిజిస్ట్రేషన్ నంబరు మీద. చట్టం నిషేధించిన ఖర్చును ఆదాయపు పన్ను లెక్కల్లో చూపడం కూడా చెల్లదు. అంతకంటే ముఖ్యంగా, ఆ డబ్బు చివరికి ఉదయగిరి, వింజమూరు పల్లెల నుంచి బస్సు ఎక్కి వచ్చిన రోగి బిల్లులోనే చేరుతుంది. ఊళ్లో జ్వరం వస్తే మనిషి మొదట చెప్పుకునేది ఆ ఆర్‌ఎంపీకే కాబట్టి అతన్ని చిన్నచూపు చూడమని నేను అనను. అతను పంపిన పిల్లవాడికి జబ్బేమిటో, ఏ మందు ఇచ్చారో, మళ్లీ ఎప్పుడు రావాలో ఒక చీటీ మీద రాసి, తల్లిదండ్రులు సరేనంటే వారి చేతికే ఇచ్చి పంపండి. డబ్బు ఇవ్వకుండానే ఇరవై ఏళ్లు పల్లెల నుంచి రోగులు వచ్చిన ఆసుపత్రులు నెల్లూరులో ఉన్నాయి, వాటిలో ఈ చీటీల అలవాటు ఉండేది.

స్కాన్ మిషన్ గురించి మీరు అప్పు వరకే ఆలోచించారు. మీరు ప్రోబ్ ముట్టుకోకపోయినా, లింగ నిర్ధారణ నిషేధించిన 1994 చట్టం సంస్థ చేసిన తప్పుకు భాగస్వాములను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. గర్భిణికి స్కాన్ చేసిన ప్రతిసారీ నింపవలసిన ఫారం ఎఫ్‌లో ఖాళీలు వదిలేయడం కూడా నేరమేనని, అది గుమాస్తా పొరపాటు కింద పోదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నెలకోసారి ఆ ఫారాల కట్ట మీరూ తిరగేయండి. వదిన గారు నొచ్చుకుంటే, నా సంతకం కూడా ఉంది కదా వదినా, అని చెప్పండి.

వాటాల దగ్గరికి వద్దాం. ఓపీ ఎక్కువ కాబట్టి వాటా ఎక్కువ కావాలన్న మీ వాదనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. వదిన గారి దగ్గర కాన్పు అయిన తల్లి బిడ్డను మీ దగ్గరికి తెస్తుంది. జ్వరంతో వచ్చిన మనవడిని మీ గదిలో ఎత్తుకుని కూర్చున్న నాయనమ్మ కాలి పుండు చూసి, షుగర్ పరీక్ష చేయించి మీరు అన్న గారి గదికి పంపుతారు. అన్న గారు థైరాయిడ్‌కు మందులిస్తున్న కోడలు నెల తప్పితే వదిన గారి దగ్గరికి వెళ్తుంది. ఇందులో ఎవరి వల్ల ఎవరికి ఎంత వచ్చిందో ఏ ఆడిటరూ లెక్క కట్టలేడు. నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్య గారి సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారి పేరుతో ఉన్న ప్రజా వైద్యశాలకు జనం తక్కువ ఖర్చుతో వైద్యం దొరుకుతుందని, ఆ వైద్యశాల పేరు నమ్ముకుని వచ్చేవారు. లోపల ఏ డాక్టరు చూసినా వారికి సమ్మతమే. మీ బోర్డుకు కూడా అలాంటి నమ్మకం కొంత ఉంటుంది, అది ఏ ఒక్కరి ఓపీ పుస్తకంలోనూ కనబడదు.

అయితే రాత్రుల విషయంలో న్యాయం మీ వైపే ఉంది. నాకు తోచిన పద్ధతి ఏమిటంటే, ఎవరి కన్సల్టేషన్ ఫీజు వారికే ఉంచి, ల్యాబు, మందుల షాపు, గదులు, స్కాన్ మీద వచ్చేది ఉమ్మడిలో వేయాలి. అందులో నుంచి జీతాలు, అద్దె, కరెంటు, ఆక్సిజన్, అప్పు వాయిదా పోయాక, రాత్రి డ్యూటీ చేసిన వారికి రాత్రికి ఇంతని ముందు తీసి ఇవ్వాలి. ఆ మొత్తం ఎంత పెట్టాలంటే, మీ అన్న గారికి కూడా నెలలో నాలుగు రాత్రులు తీసుకుంటే బాగుండునని అనిపించేంత. ఆ తర్వాత మిగిలింది మూడు వాటాలు వేసుకోవచ్చు. ఎక్కువ సంపాదించేవారు మొదట ఒప్పుకోరు, వదిన గారి సిజేరియన్ల ఆదాయం పెద్దది కాబట్టి గట్టిగానే బేరమాడతారు. ఆడనివ్వండి, నోరు విప్పి బేరమాడటం మౌనం కంటే నయం.

అల్లుడి విషయంలో మీరు అంతగా భయపడవలసిన అవసరం లేదు. పత్రంలో మరోలా రాసి లేకపోతే, ఉన్న భాగస్వాములందరూ ఒప్పుకుంటేనే కొత్త భాగస్వామి రాగలడు. మీ సమ్మతి లేకుండా అతను రాలేడు. అలాగని వద్దని మొండికేయకండి. ఎముకల డాక్టరు లేని ఆసుపత్రి హైవే పక్కన ఉండటం రోగులకు నష్టం. రెండేళ్లు జీతం మీదో, కన్సల్టెంట్‌గానో పనిచేసి, రాత్రి పుస్తకంలో రాసి, అందరితో పాటు రాత్రులు తీసుకున్నాక భాగస్వామ్యం గురించి మాట్లాడదామని చెప్పండి. ఆ కుర్రవాడు వచ్చాక మీతో మాట్లాడే మొదటి మనిషి అతనే కావచ్చు కూడా.

మీ భార్య చెప్పిన మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. ఇరవై రాత్రులు నిద్ర చెడేది ఆమెకు కూడా. కాని కోపంలో లాయరు నోటీసు మాత్రం పంపకండి. గడువు రాసుకోని భాగస్వామ్యమైతే, రద్దు చేస్తున్నానని ఒక్క భాగస్వామి రాతపూర్వకంగా తెలిపినా సంస్థ మొత్తం రద్దవుతుంది, దానితో పాటు యంత్రాల అప్పు, లైసెన్సులు, పన్నెండు మంది సిబ్బందో పదిహేను మందో, అందరి బతుకులూ కదులుతాయి. బయటికి రావడమే ఖాయమైతే, స్కాన్ అప్పు నుంచి మీ పేరు తీసేస్తున్నట్టు బ్యాంకు కూడా ఒప్పుకుని రాసి ఇవ్వాలి, మీ ముగ్గురి మధ్య ఒప్పందం దానికి చాలదు. మీరు విరమించుకున్నట్టు బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా బయటివారికి మీ బాధ్యత కొనసాగుతుంది. వెళ్లిపోయిన భాగస్వామి అదే ఊళ్లో కొంతకాలం ప్రాక్టీసు పెట్టకూడదన్న షరతు, సమంజసంగా ఉంటే, చెల్లే అవకాశం ఉంది. ఆ రెండు పేజీల్లో అలాంటి వాక్యం ఉందేమో చూశాకే గది అద్దెకు తీసుకోండి. చిరునామా మారినట్టు పత్రికలో ప్రకటించడానికి వైద్య మండలి నియమాలు అనుమతిస్తాయి, మీ పిల్లల రోగులు ఎక్కడికి రావాలో అలా తెలియజేయవచ్చు.

నా సలహా ఇప్పుడే వెళ్లవద్దని. ఆరు నెలలు పెట్టుకోండి. వాటా మారకపోయినా, అద్దె తగ్గకపోయినా, అల్లుడి మాట తేలకపోయినా ఆ తర్వాత కూడా ఆగి మాట్లాడుకోవచ్చు. కాన్పు గది కాగితం మీద సంతకం చేయడానికి మాత్రం వారు ఒప్పుకోకపోతే, ఆరు నెలలు కాదు, ఆరు రోజులు కూడా ఆగకండి. ఎన్ని లక్షలు పోయినా సరే, వచ్చేయండి.

ముందు ఎవరితో మాట్లాడాలని మీరు అడగలేదు గాని, వదిన గారితో మాట్లాడండి, ఒంటరిగా, ఆసుపత్రిలోనే, లెక్కల పుస్తకం చేతిలో లేకుండా. ఆ బిడ్డను పదో వారం టీకాకు మీ దగ్గరికి తెచ్చే రోజు దగ్గర్లోనే ఉండాలి. బిడ్డను తూకం వేసి, టీకా వేసి, తల్లిని ఒక్క నిమిషం ఉండమని చెప్పి, పక్క గది తలుపు తట్టి, వదినా, ఆ రాత్రి బిడ్డ వచ్చింది, ఎంత బరువు పెరిగిందో ఒకసారి చూస్తారా అని అడగండి.